ఆప్ట్‌లో “రిపో మారింది” అని వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల కాలేజీ ల్యాబుల్లో, డీటీపీ షాపుల్లో, చెరువు నీళ్ళు పరీక్షించే చోట్ల ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లు చూసుకునేవాళ్ళు అడిగే సందేహాలివి. ఆప్ట్ అంటే ఆ సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్. కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ అవే ఫోన్లు, అవే స్క్రీన్‌షాట్లు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఒకరు ఫోన్‌లో చదువుతుంటే ఇంకొకరు కొట్టుకునేలా కమాండ్లని పలికే తీరులోనే తెలుగులో రాశాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముందు ‘సుడో’ అని ఉంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ హక్కుతో నడపమని అర్థం.

## సిస్టమ్ ప్రశ్న అడిగినప్పుడు

అప్‌డేట్ కొడితే “ఈ రిపాజిటరీ వివరాలు మారాయి, ఒప్పుకుంటారా” అంటోంది. వైరస్ ఏమైనా ఎక్కిందాండి?

లేదండి. రిపో (రిపాజిటరీ) అంటే ప్యాకేజీలూ, అంటే ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ కట్టలూ, వాటి జాబితాలూ ఉండే సర్వరు. ఆ జాబితాలతో పాటు ‘ఇన్‌రిలీజ్’ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. రిపో ఎవరిది అన్నది ఆరిజిన్, దానికి పెట్టుకున్న పేరు లేబుల్, ఏ దశలో ఉంది అన్నది సూట్, ఏ విడుదల అన్నది కోడ్‌నేమ్. ఇవీ, వెర్షన్ నంబరూ, తేదీ అందులో రాసి, డిజిటల్ సంతకం చేసి పెడతారు. మీ సిస్టమ్ కిందటిసారి చూసిన వివరాలకీ ఇప్పుడు వచ్చినవాటికీ తేడా కనబడితే ఆప్ట్ ఆగి మిమ్మల్ని అడుగుతుంది. చూడ్డానికి ఎర్రర్‌లా ఉంటుంది గానీ అడుగుతున్నది మీ అనుమతి.

వై (అవును) కొట్టాలా, ఎన్ (వద్దు) కొట్టాలా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు గానీ, ఒక్క లైను చదివితే తేలిపోతుంది. ఆ లైన్లో రిపో పేరు తర్వాత కోట్స్ మధ్య మూడు మాటలుంటాయి: ఏది మారింది, ఏ విలువ నుంచి, ఏ విలువకి. ఆ మూడూ చదవకుండా వై కొట్టొద్దు.

సూట్ ‘స్టేబుల్’ నుంచి ‘ఓల్డ్‌స్టేబుల్’ అయితే నిశ్చింతగా వై కొట్టండి. కొత్త డెబియన్ వచ్చింది, మీది ఒక తరం పాతదయింది, అంతే. మీ ప్యాకేజీలు ఎక్కడికీ పోవు. వెర్షన్ నంబరు 12.4 నుంచి 12.5 అయిందంటే సాధారణంగా ప్రశ్న కూడా రాదు, ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే ఒక సమాచారం లైను వచ్చి పోతుంది.

కోడ్‌నేమ్ మారిందంటే మాత్రం ఎన్ కొట్టి ఆగండి. ‘బుల్స్‌ఐ’ నుంచి ‘బుక్‌వార్మ్’ అని ఉందనుకోండి, మీరు వై అంటే ఆ తర్వాత కొట్టే అప్‌గ్రేడ్ సిస్టమ్‌ని ఏకంగా కొత్త డెబియన్‌లోకి లాక్కుపోతుంది. ఆ పని మీరు అనుకుని చేయాలి, మధ్యాహ్నం కస్టమర్లు నిలబడి ఉండగా అనుకోకుండా జరగకూడదు.

ఆరిజిన్, లేబుల్ మారితే ఆ రిపో నడిపేవాళ్ళ సొంత పేజీలో ప్రకటన ఉందేమో చూడండి. ఉబుంటులో పీపీఏలు (బయటివాళ్ళు సొంతంగా నడిపే రిపోలు) పెట్టేవాళ్ళు లేబుల్ మారుస్తుంటారు, చాలాసార్లు ప్రమాదమేమీ ఉండదు. ప్రకటన కనబడకపోతే ఒప్పుకోవద్దు.

తొందరపెట్టేవాళ్ళకి ఇంకో మాట. ప్రశ్న చివర వై చిన్నక్షరం, ఎన్ పెద్దక్షరం ఉంటుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే అది ఎన్ కిందే లెక్క. ఎన్ అన్నంత మాత్రాన ఏదీ పాడవదు, ఆ రిపో జాబితా పాతదిగా ఉండిపోతుంది, అంతవరకే.

నేను ఫైలేదీ ముట్టుకోలేదు. మరి కోడ్‌నేమ్ ఎలా మారింది?

మీ సోర్సుల ఫైల్లో (ఏ రిపోల నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే ‘/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్’) విడుదల పేరు బదులు ‘స్టేబుల్’ అని రాసి ఉంటుంది, చూసుకోండి. ‘స్టేబుల్’ అన్నది ఏ ఒక్క విడుదలకీ సొంతం కాదు. 2021 ఆగస్టు 14న అది డెబియన్ 11 బుల్స్‌ఐకి వచ్చింది, 2023 జూన్ 10న 12 బుక్‌వార్మ్‌కి, 2025 ఆగస్టు 9న 13 ట్రిక్సీకి వెళ్ళింది.

మనవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. ఒకప్పుడు “జిల్లా కేంద్రం, పశ్చిమ గోదావరి” అంటే ఏలూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అదే మాటకి అర్థం భీమవరం. ఏలూరు ఎక్కడికీ కదల్లేదు, హోదా కదిలింది. ఊరి పేరు రాసినవాడి ఉత్తరం ఊరికే చేరుతుంది, హోదా రాసినవాడి ఉత్తరం హోదా వెంట పోతుంది.

కాబట్టి ఫైల్లో ‘స్టేబుల్’ తీసేసి, మీరు ఇప్పుడు ఏ విడుదలలో ఉన్నారో ఆ పేరు రాయండి. పేరు తెలియకపోతే ‘క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్’ కొడితే చెబుతుంది. షాపుల్లో, ల్యాబుల్లో ఉన్న సిస్టమ్‌లలో ‘స్టేబుల్’ అని ఉంచడం నాకు ఇష్టం ఉండదు. ఇంట్లో ఒక్క సిస్టమ్‌తో ప్రయోగాలు చేసుకునేవాళ్ళ సంగతి వేరు.

ఆప్ట్-గెట్ అయితే ప్రశ్నే అడగట్లేదండి, ఆగిపోతోంది.

‘ఆప్ట్’ మనిషి కోసం, ‘ఆప్ట్-గెట్’ స్క్రిప్టుల కోసం. అందుకే రెండోది ప్రశ్న అడక్కుండా తప్పుకుంటుంది. మార్పు సరైనదేనని తేల్చుకున్నాక ‘సుడో ఆప్ట్-గెట్ అప్‌డేట్ --అలౌ-రిలీజ్‌ఇన్ఫో-చేంజ్’ కొట్టండి. సూట్ ఒక్కటే ఒప్పుకోవాలంటే చివర ‘-సూట్’ చేర్చండి. అలా చేర్చడమే మంచి అలవాటు. ఎందుకంటే అది లేకుండా కొడితే కోడ్‌నేమ్, ఆరిజిన్ మార్పులకి కూడా అదే దెబ్బతో తలూపినట్టు. రాత్రిపూట నడిచే స్క్రిప్టులో దీన్ని శాశ్వతంగా ఇరికించి వదిలేసేవాళ్ళున్నారు. అప్పుడిక ఆ ప్రశ్న ఉన్న ప్రయోజనమే పోయింది.

పక్క షాపులో అదే డెబియన్. వాళ్ళకి సూట్ గురించి అడగలేదు, మాకెందుకు అడిగింది?

మీ సిస్టమ్ చాలాకాలంగా అప్‌డేట్ కాలేదని దానర్థం. 2021 జూన్‌లో వచ్చిన డెబియన్ 10.10 నుంచి ‘స్టేబుల్’, ‘ఓల్డ్‌స్టేబుల్’ లాంటి సూట్ మార్పుల్ని ఆప్ట్ తనంతట తానే ఒప్పుకుంటోంది. ఇప్పటికీ అడుగుతోందంటే అంతకంటే పాత ఆప్ట్ ఉంది. సూట్ సంగతి కంటే ఆ పాతదనం గురించి ఆలోచించండి.

సంతకం ఉన్నాక, లేబుల్ మారితే మాత్రం మనకేంటి?

మంచి ప్రశ్న. సంతకం చేసే రహస్య కీ చేతిలో లేకుండా బయటివాడు ఆ వివరాలు మార్చలేడు, నిజమే. కానీ ఏ ప్యాకేజీ ఏ రిపో నుంచి రావాలి అని కొందరు ప్రాధాన్యాలు రాసుకుంటారు. దాన్నే పిన్నింగ్ అంటారు. ఆ నియమాలు ఆరిజిన్, లేబుల్, సూట్ పేర్ల మీదే నిలబడతాయి. పేరు మారితే నియమం చప్పుడు చేయకుండా పని మానేస్తుంది. మీరు వద్దనుకున్న వెర్షన్ వచ్చి కూర్చుంటుంది. ఆప్ట్ ముందే అడగడానికి కారణం ఇదే.

## అప్‌డేట్ మధ్యలో తిరగబడినప్పుడు

ఇంట్లో బాగానే ఉంది. కాలేజీ వైఫైలో మాత్రం “నాస్‌ప్లిట్” అని ఏదో వస్తోంది.

ఆ వైఫైకి లాగిన్ పేజీ ఉంటుంది. మీరింకా లాగిన్ అవలేదు. ఆప్ట్ ‘ఇన్‌రిలీజ్’ ఫైలు అడిగితే వైఫై దానికి బదులు లాగిన్ పేజీని చేతిలో పెట్టింది. అందులో సంతకం లేదు కాబట్టి ఆప్ట్ గొడవ చేస్తోంది. ఆ మెసేజి చివర “నెట్‌వర్క్‌కి లాగిన్ కావాలా” అని అదే అడుగుతుంది కూడా, ఎవరూ అంతవరకూ చదవరు. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయి మళ్ళీ కొట్టండి. నెట్ ప్యాక్ అయిపోయి ప్రతి పేజీ రీచార్జి పేజీకి మళ్ళినా ఇదే వస్తుంది.

“రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు, ఇన్ని గంటలు ఆగాలి” అంటోంది. ఆగాలా?

అక్కర్లేదు. మీ సిస్టమ్ గడియారం వెనకబడింది. రిపో తయారైన తేదీ మీ సిస్టమ్‌కి రేపో ఎల్లుండో అనిపిస్తోంది. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీద నాణెంలా గుండ్రంగా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి తేదీ చూడండి, ‘సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ’ కొట్టి నెట్ నుంచి సరిచేయించండి. బ్యాటరీ మార్చకపోతే రేపు మళ్ళీ ఇదే కథ.

“నో పబ్‌కీ” అని వచ్చి ఒక పొడుగు నంబరు చూపిస్తోంది.

ఆ రిపో మీద ఉన్న సంతకాన్ని సరిచూసే కీ మీ దగ్గర లేదు. రిపోవాళ్ళు కీ మార్చి ఉండొచ్చు, లేదా రిపో లైను ఎక్కించినప్పుడు కీ ఎక్కించడం మరిచిపోయి ఉండొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారు సొంత సైటులోంచే కొత్త కీ దింపి ‘/ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్’ ఫోల్డర్లో పెట్టండి. రిపో లైన్లో ‘సైన్డ్-బై’ అని రాసి ఆ ఫైలు దారి చూపించండి. అలా చేస్తే ఆ కీ ఆ రిపోకి మాత్రమే పనిచేస్తుంది.

‘ట్రస్టెడ్=యెస్’ అని పెడితే ఎర్రర్ పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు సంతకం చూడటం కూడా పోతుంది. అక్కడి నుంచి ఆ చిరునామాలో ఎవడు ఏం పెట్టినా మీ సిస్టమ్ మారు మాట్లాడకుండా రూట్ (అన్ని హక్కులూ ఉన్న) హోదాతో ఎక్కించుకుంటుంది. అకౌంట్లు నడిచే షాపు సిస్టమ్‌లో ఆ పని చేయడం కన్నా ఆ సాఫ్ట్‌వేరే మానుకోవడం మేలు.

ఆప్ట్-కీ వాడొద్దని హెచ్చరిక వస్తోంది. ఇన్నాళ్ళూ అదే వాడాం కదా?

ఆప్ట్-కీతో ఎక్కించిన కీ ఒక్క రిపోకి అని కాకుండా అన్ని రిపోలకీ చెల్లుతుంది. ఎవరిదో చిన్న టూల్ కోసం ఎక్కించిన కీ అసలు ఉబుంటు ప్యాకేజీల మీద కూడా సంతకం చేయగలదన్నమాట. అందుకే మాన్పించారు. డెబియన్ 13లో ఆ కమాండే లేదు. హెచ్చరిక మాత్రమే వస్తుంటే కంగారేమీ లేదు, తీరిక ఉన్నప్పుడు ఆ కీని ‘కీరింగ్స్’ ఫోల్డర్‌కి మార్చుకోండి.

హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్?

మిర్రర్ సర్వరు, అంటే నకలు పెట్టుకునే సర్వరు, అసలు సర్వరు నుంచి కొత్త సరుకు తెచ్చుకుంటున్న సమయంలో మీరు అడిగారు. జాబితా కొత్తది, ఫైలు పాతది, అందుకే రెండూ సరిపోలలేదు. గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ కొట్టండి. మర్నాటికీ అలాగే ఉంటే ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొట్టి, ‘/వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్’లో ఉన్నవి తీసేసి, ఉబుంటు అయితే ఇండియా మిర్రర్ బదులు మెయిన్ సర్వరు పెట్టి చూడండి.

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయిందండి. ఇప్పుడు ఏది కొట్టినా ఒప్పుకోవట్లేదు.

సగం ఎక్కిన ప్యాకేజీలు ముందు పూర్తి కావాలి. ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ కొట్టండి, ఆ తర్వాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. చాలాసార్లు దీంతో లేచి కూర్చుంటుంది. ఇన్వర్టర్ లేని చోట పెద్ద అప్‌గ్రేడ్లు తుపాను హెచ్చరిక ఉన్న రోజున పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరంలో ఈ మాట ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

“లాక్ దొరకలేదు” అంటోంది. లాక్ ఫైలు తీసేయమని ఎక్కడో చదివాను.

తీసేయొద్దు. ఏ ప్రోగ్రామ్ లాక్ పట్టుకుందో ఆ లైన్లోనే పేరు, నంబరు ఉంటాయి. చాలావరకు అది దానంతటది నడిచే ‘అనటెండెడ్ అప్‌గ్రేడ్’. టీ తాగి రండి, అయిపోతుంది.

## కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు

డెబియన్‌లో పాత పేరు తీసి కొత్త పేరు రాసేస్తే చాలా?

దాదాపు చాలు, కానీ ఆ “దాదాపు” దగ్గరే అందరూ ఇరుక్కుంటారు.

సెక్యూరిటీ లైను పేరు డెబియన్ 11లో మారింది. 10లో ‘బస్టర్/అప్‌డేట్స్’ అని ఉండేది, 11లో ‘బుల్స్‌ఐ-సెక్యూరిటీ’ అయింది. బస్టర్ మాట మాత్రమే మార్చి ‘బుల్స్‌ఐ/అప్‌డేట్స్’ అని ఉంచితే “రిలీజ్ ఫైలు లేదు” అని వస్తుంది. డెబియన్ 12లో వైఫై, గ్రాఫిక్స్ కార్డుల ఫర్మ్‌వేర్‌ని (ఆ కార్డుల్లోనే నడిచే చిన్న ప్రోగ్రాముల్ని) ‘నాన్-ఫ్రీ’ నుంచి విడదీసి ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అని వేరే విభాగం పెట్టారు. అది చేర్చకపోతే ఉన్న ఫర్మ్‌వేర్ పోదు గానీ కొత్త అప్‌డేట్లు రావు, వచ్చినట్టు కూడా మీకు తెలియదు.

ఒక్కో మెట్టే ఎక్కండి. 11 నుంచి నేరుగా 13కి దూకడానికి డెబియన్ మద్దతు లేదు. 12 మీద ఆగి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకుని ముందుకి వెళ్ళండి. ప్రతి మెట్టులోనూ ముందు ‘ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-పీకేజీఎస్’, ఆ తర్వాత ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’. రెండోది కొన్ని ప్యాకేజీలు తీసేస్తానంటుంది. ఆ జాబితా ఓపిగ్గా చదవండి. మీ ప్రింటర్ డ్రైవరో, బిల్లింగ్ ప్రోగ్రామో అందులో ఉంటే ఎన్ కొట్టి కారణం వెతకండి.

ఉబుంటు 22.04లో ఉన్నాను. 24.04 వచ్చిన రోజు నుంచి చూస్తే నెలల తరబడి నాకు చూపించలేదు, ఎందుకు?

22.04, 24.04 లాంటి దీర్ఘకాలిక (ఎల్‌టీఎస్) వెర్షన్ నుంచి దీర్ఘకాలిక వెర్షన్‌కి దారి మొదటి సవరణ విడుదల తర్వాతే తెరుస్తారు. 24.04 వచ్చింది 2024 ఏప్రిల్‌లో అయినా 22.04 వాళ్ళని 24.04.1 వచ్చాకే, అంటే ఆగస్టు తర్వాతే అడిగారు. ల్యాబులకి ఆ ఆలస్యం మేలే చేస్తుంది.

ఉబుంటు అప్‌గ్రేడ్ అయ్యాక క్రోమ్, పీపీఏలు అప్‌డేట్ అవట్లేదు.

అప్‌గ్రేడ్ చేసే ప్రోగ్రామే బయటి రిపోలన్నిటినీ ఆపేస్తుంది, తిరిగి తెరవదు. ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో ‘అదర్ సాఫ్ట్‌వేర్’ ట్యాబులో ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ, ఒక్కోసారి అప్‌డేట్ కొట్టుకుంటూ పోండి. అన్నీ ఒకేసారి తెరిస్తే ఏది పేచీ పెడుతోందో తెలీదు. ఏదైనా పీపీఏ కొత్త ఉబుంటుకి ఇంకా సిద్ధం కాకపోతే “రిలీజ్ ఫైలు లేదు” అంటుంది. దాన్ని ఆపి ఉంచి, కొన్నాళ్ళాగి చూడండి. పాత ఉబుంటు పేరు పెట్టి బలవంతంగా నడిపించకండి.

సోర్సెస్.లిస్ట్ తెరిస్తే ఏమీ లేదు! ఎవరైనా చెరిపేశారా?

ఎవరూ చెరపలేదు. ఉబుంటు 24.04 నుంచి కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌లలో వివరాలు ‘/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి/ఉబుంటు.సోర్సెస్’లో ఉంటాయి. ఒకే పొడుగు లైను బదులు టైప్స్, యూఆర్‌ఐస్, సూట్స్, కాంపొనెంట్స్, సైన్డ్-బై అని విడివిడి లైన్లు. చదవడానికి ఇదే హాయి. డెబియన్ 13లో పాత పద్ధతి ఫైళ్ళని ‘సుడో ఆప్ట్ మోడర్నైజ్-సోర్సెస్’ కొత్త పద్ధతికి మార్చి పెడుతుంది. పాత ఫైల్లోనూ కొత్త ఫైల్లోనూ అవే లైన్లు ఉంచితే ఒకే రిపో రెండుసార్లు రాసి ఉందని రోజూ హెచ్చరికలు వస్తాయి.

ఏ రోజుల్లో పెట్టుకోమంటారు?

కాలేజీలైతే ప్రాక్టికల్స్ అయిపోయాక. షాపులైతే మర్నాడు సెలవు ఉన్న సాయంత్రం. సంక్రాంతికి మూడు రోజులు షాపు మూసే ఉంటుంది కదా అని లెక్క వేసేవాళ్ళుంటారు. భీమవరంలో ఆ మూడు రోజులూ సిస్టమ్ ముందు కూర్చునే మనిషి దొరికితే నాకూ చెప్పండి.

## పాత వెర్షన్ మీదే ఉండిపోతే

అన్ని లైన్లకీ 404 అంటోంది. నెట్ మాత్రం బాగానే ఉంది.

మీ వెర్షన్ గడువు అయిపోయింది, ప్యాకేజీలు పాత గోదాముకి మార్చేశారు. ఉబుంటులో దీర్ఘకాలికం కాని మధ్యంతర వెర్షన్లకి ఆయుష్షు 9 నెలలే. 2023 అక్టోబరులో వచ్చిన 23.10కి 2024 జూలైతో అయిపోయింది. అలాంటివి ‘ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్’కి, పాత డెబియన్లు ‘ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్’కి వెళతాయి. సోర్సుల్లో చిరునామా అటు మారిస్తే అప్‌డేట్ నడుస్తుంది, కానీ కొత్త భద్రతా సవరణలు అక్కడ దొరకవు. ముందుకి ఎక్కడానికి మెట్టుగా వాడుకోండి, అక్కడే కాపురం పెట్టకండి. అసలు షాపులకీ ల్యాబులకీ మధ్యంతర వెర్షన్లు ఎక్కించడమే అనవసరం.

డీవీడీ నుంచి డెబియన్ ఎక్కించాం. ఏది ఇన్‌స్టాల్ చేసినా డిస్క్ పెట్టమంటోంది.

సోర్సుల ఫైల్లో ‘డెబ్ సీడీరామ్’ అని మొదలయ్యే లైను ముందు ఒక హ్యాష్ గుర్తు (#) పెట్టి సేవ్ చేయండి. కింద నెట్ రిపో లైన్లు ఉన్నాయో లేదో కూడా చూడండి, ఎక్కించేటప్పుడు నెట్ లేకపోతే ఒక్కోసారి అవి ఉండవు.

“ఐ386కి మద్దతు లేదు” అని క్రోమ్ రిపో లైను ప్రతిసారీ విసిగిస్తోంది.

మీది 64 బిట్ సిస్టమే, ఎందుకోసమో 32 బిట్ ప్యాకేజీలు కూడా తెరిచి ఉంచారు. క్రోమ్‌కి 32 బిట్ లేదు. రిపో లైన్లో ‘ఆర్చ్=ఏఎండీ64’ అని చేరిస్తే నోరు మూసుకుంటుంది. చేర్చకపోయినా నష్టం లేదు.

## ల్యాబులకి

ముప్పై సిస్టమ్‌లు, ఒకటే నెట్ కనెక్షన్. అందరూ ఒకేసారి అప్‌డేట్ కొడితే చచ్చిపోతోంది.

ఒక సిస్టమ్‌లో ‘ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ’ ఎక్కించండి. మిగతావాటిలో ‘/ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి’లో ఒక చిన్న ఫైలు పెట్టి, హెచ్‌టీటీపీ ప్రాక్సీగా ఆ సిస్టమ్ ఐపీ, 3142 పోర్టు రాయండి. మొదటి సిస్టమ్ అడిగిన ప్యాకేజీ నెట్ నుంచి వస్తుంది, మిగతావాటికి ల్యాబులోంచే అందుతుంది. సంతకాల తనిఖీ ప్రతి సిస్టమ్ సొంతంగానే చేసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆ క్యాష్ (ప్యాకేజీలు దాచి ఇచ్చే చోటు) ఉందని భయం అక్కర్లేదు.

రెండు చిక్కులున్నాయి. హెచ్‌టీటీపీఎస్ రిపోలు మామూలుగా ఈ క్యాష్‌లో నిలవవు. ఇంకోటి, ఆ ఒక్క సిస్టమ్ ఆపేస్తే మిగతా ఎవరికీ అప్‌డేట్ రాదు. దాని స్విచ్చి మీద కాగితం అంటించండి.

ఈ ప్యాకేజీ ఏ రిపో నుంచి వచ్చిందో ఎలా తెలుసుకోవడం?

‘ఆప్ట్ పాలసీ’ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు రాయండి. ఉదాహరణకి తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ‘ఫాంట్స్-తెలు’ పేరు రాశారనుకోండి. ‘ఇన్‌స్టాల్డ్’ దగ్గర ఇప్పుడున్న వెర్షన్, ‘క్యాండిడేట్’ దగ్గర రాబోయే వెర్షన్, కింద ప్రతి వెర్షన్‌కీ రిపో చిరునామా, పక్కన ప్రాధాన్య సంఖ్య కనిపిస్తాయి. మామూలు రిపోలకి 500. చిరునామా లేకుండా ‘/వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్’ అని 100తో మాత్రమే ఉంటే, ఆ వెర్షన్ ఇప్పుడు ఏ రిపోలోనూ లేదన్నమాట. విడిగా దింపుకున్న డెబ్ ఫైలుతో ఎక్కించినవీ, ఆపేసిన పీపీఏల నుంచి మిగిలినవీ ఇలాగే కనబడతాయి. వెర్షన్ మారేముందు ఇలాంటివి ఏమున్నాయో ‘ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్’లో ‘లోకల్’ అని ఉన్న లైన్లు చూసి కాగితం మీద రాసుకోండి.